సగం కోడిపుంజు

ఆదివారం ఉదయం పదీ నలభైకి ఇన్‌స్పెక్టర్ మార్లీస్ ఎస్సర్ లాకప్ తలుపు తీసేసరికి, లోపల షెంగ్ ఓడెన్‌థాల్ గోడ గడియారాన్ని తిడుతున్నాడు.

"గిది పది నిమిషాలు ఎనకకున్నది చెల్లె. నా బతుకు లెక్కనే. నలబై ఏండ్ల సంది ఒక్క ఆదివారం గూడ కుర్సీల కూసోలె. ఇయ్యాల కూసుండవెట్టిండు మీ బవేరియా సారు."

షెంగ్‌కి అరవై ఒకటి. కొలోన్ పాత బజారులో 'మూడు పీపాలు' అనే బీరు హాల్లో వడ్డన అతని పని. నిన్న మధ్యాహ్నం అతను వడ్డించిన పన్నెండో నంబరు టేబుల్ దగ్గర్నుంచే హెర్మీనె త్సెహ్నర్ అనే యాభై ఏళ్ల ఆస్ట్రియా ఆవిడ మాయమైంది. భర్త రైమండ్‌తో కలిసి నాలుగు రోజులు ఊరు చూడటానికీ, అంతకంటే ఎక్కువగా ఊరంతా తినడానికీ వచ్చిన మనిషి. రెండు గంటలకి బాత్రూముకని లేచింది, తిరిగి రాలేదు. వడ్డించేవాడు మమ్మల్ని నానా మాటలూ అన్నాడనీ, ఆవిడ లేచి వెళ్తుంటే వెనకాలే వెళ్లాడనీ భర్త చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్‌స్పెక్టర్ కోర్బీనియన్ స్టాడ్లర్ షెంగ్‌ని తెచ్చి లోపలేశాడు.

మార్లీస్‌కి రాత్రంతా కునుకు పట్టనివ్వనిది అది కాదు. హెర్మీనెకి చిన్నప్పట్నుంచీ షుగర్. ఇన్సులిన్ ఇంజెక్షన్ లేకపోతే బతకదు. ఆ మందున్న నీలం సంచి హోటల్ గదిలోనే ఉండిపోయింది. మందు పడకపోతే ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర అన్నాడు డాక్టరు. నిన్న మధ్యాహ్నం నుంచి లెక్కేసుకుంటే ఇవాళ సాయంత్రం దాకా గడువు. మార్లీస్ తండ్రి ఆ జబ్బుతోనే రెండు కాళ్లూ, తర్వాత ప్రాణమూ పోగొట్టుకున్నాడు. దాంతో ఆటలుండవని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నిజం చెప్పు షెంగన్నా. తిట్టినవా?"

"తిట్టకుంటె నన్ను పనిల ఎందుకు వెట్టుకుంటరు? మన ఊర్ల కోబెసు తిట్టకపోతె బీరు ఖరాబయిందనుకుంటరు జనం."

బీరు వడ్డించేవాణ్ని ఆ ఊళ్లో కోబెస్ అంటారు. మర్యాదగా మాట్లాడే కోబెస్‌ని అక్కడ ఎవరూ చూడలేదు.

"ఏమన్నవు?"

"ఆయన నీళ్లడిగిండు. నీళ్లెందుకు, స్నానం జేస్తవా, సబ్బు గూడ తేవాల్నా అన్న. గంతే."

"ఆయన?"

"మూతి ముడిసిండు."

"ఆమె?"

"నవ్వింది."

మార్లీస్ కలం ఆగింది. "మొదట్నుంచి చెప్పు. ఎన్ని గంటలకొచ్చారు?"

"పన్నెండున్నర. ఆమె పెద్ద టోపీ, నల్లద్దాలు. ఆయన తిండి పేర్ల పట్టీ సదివి, సగం పుంజు రెండు ప్లేట్లు తెమ్మన్నడు. తెచ్చిన. ఇగ సూడు, కోడేది, నా కోడేది అని ఒకటే లొల్లి. మీ సారు రాసుకున్న లొల్లి గదే."

సగం పుంజులో కోడి ఈక కూడా ఉండదు. రై రొట్టె, మందంగా కోసిన చీజు, ఉల్లిపాయ, పక్కన ఆవాల ముద్ద. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కోడి మీద ఆశతో అడిగిన పరాయి ఊరివాళ్లందరూ ప్లేటు చూసి మోసపోయామని అరుస్తారు. ఆ అరుపు వినడం కోసమే సగం మంది కోబెస్‌లు ఉద్యోగం మానకుండా ఉన్నారు.

"ఆమె గూడ అరిచిందా?"

షెంగ్ కుర్చీలో ముందుకి జరిగాడు. గడియారం వంక చూశాడు. ఈసారి తిట్టలేదు.

"లేదు చెల్లె. ఆమె అడగలే. చీజు మీద ఆవాల ముద్ద రాసుకుని కమ్మగ తిన్నది. నేను రెండో గ్లాసు వెట్టబోతె, అట్టబిళ్ల తీసి గ్లాసు మీద వెట్టింది."

"నువ్వు చెప్పావా పెట్టమని?"

"నేనెందుకు చెప్త? ఆయనకైతే ఏడు గ్లాసులు వోసిన. వద్దు వద్దంటనే ఉన్నడు, నేను వెడ్తనే ఉన్న. ఆమె ఇటు సూడనన్న సూడలే. ఆయనతోటి ముచ్చట వెట్టుకుంటనే, చెయ్యి దానంతటదే వోయింది."

గ్లాసు ఖాళీ అయితే కోబెస్ అడక్కుండానే ఇంకోటి పెడతాడు. నోటితో వద్దంటే అతనికి వినపడదు. గ్లాసు కింది అట్టబిళ్ల గ్లాసు మీదికి ఎక్కితేనే చాలని అర్థం. ఈ రూలు ఎక్కడా రాసి ఉండదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు దాన్ని ఒకరు చెబితే నేర్చుకోరు, పెద్దవాళ్ల చేతులు చూసి పట్టేస్తారు.

"ఆమెని మళ్లా చూస్తే గుర్తువడ్తవా?"

"నేను గ్లాసుల దిక్కు సూస్త, మొఖాల దిక్కు సూడ. గని ఆ నవ్వు యింటె గుర్తువడ్త. నిన్నటి సంది మీ సారుకు గిదే చెప్పబోతున్న. నోరు ముయ్యి అంటడు."

*

నోరు ముయ్యమన్నవాడు వసారాలోనే నిలబడి ఉన్నాడు. స్టాడ్లర్ బవేరియా నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదిన్నర. ఆదివారం కూడా చొక్కా ఇస్త్రీ మడత నలగదు. ఈ ఊరి మాటంటే వెటకారం, ఈ ఊరి బీరంటే అసహ్యం. ఆ సంగతి దాచుకోడు కూడా.

"ఏమంటాడు మీ బంధువు?"

"నిన్న టోపీ పెట్టుకుని ఆ టేబుల్ దగ్గర కూర్చున్న ఆడమనిషి హెర్మీనె కాదు. ఈ ఊళ్లో పుట్టిన మనిషి."

స్టాడ్లర్ అంతా విన్నాడు. విన్నాక నవ్వాడు. "ఎస్సర్ గారూ, చీజు రొట్టె మీదా, అట్టముక్క మీదా కేసు కడతారా?"

"మీరు సబ్బు మీద కట్టారుగా."

"మా వైపు సగం కోడి అంటే సగం కోడే. ఆవిడకి అరిచే అలవాటు లేదేమో. అట్టబిళ్ల సంగతి ఏ పర్యాటకుల పుస్తకంలోనో చదివి ఉంటుంది."

"భార్య చదివిన పుస్తకం భర్త చదవలేదా? ఏడు గ్లాసులు తాగేదాకా ఆవిడ ఆయనకి చెప్పనూ లేదా? ఇంకో మాట. ఆ ఆడమనిషిని గంటన్నర దగ్గర్నుంచి చూసినవాడు ఒక్క షెంగే. మొగుడు వేలెత్తి చూపించింది కూడా సరిగ్గా షెంగ్‌నే. అతన్ని ఒక్క గంట వదలండి, హాలుకి తీసుకెళ్తాను."

"ఒంటిగంటకి పత్రికలవాళ్లు వస్తున్నారు. నిందితుడు ఇక్కడే ఉంటాడు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మార్లీస్ అతనితో వాదించడం మానేసింది. ఒక మనిషి ప్రాణం గంటల్లో ఉండగా పత్రికలవాళ్ల కోసం దువ్వెన వెతుక్కునేవాణ్ని చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది. మండినంత మాత్రాన ఉపయోగం లేదు కాబట్టి కారు తాళాలు తీసుకుంది.

"నేనూ వస్తాను," అన్నాడు స్టాడ్లర్. "మీరు అక్కడి సాక్షుల్ని బెదిరించకుండా చూడాలిగా."

*

పదకొండూ ఇరవై ఐదుకి వాళ్లు మూడు పీపాలకి చేరారు. పన్నెండో నంబరు టేబుల్ ఖాళీగా ఉంచమని పోలీసులు చెప్పిన మాట నిజమే. కానీ అక్కడ రైమండ్ త్సెహ్నర్ కూర్చుని భోంచేస్తున్నాడు.

"దర్యాప్తుకి సాయపడదామని వచ్చాను," అన్నాడు నోట్లో ముద్దతోనే. "ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుందని..."

ఊరికే కూర్చోకుండా అతను తెప్పించుకున్నది 'ఆకాశమూ భూమీ' అనే ప్లేటు. మెత్తగా మెదిపిన బంగాళాదుంప, ఆపిల్ గుజ్జు, వాటి మీద నల్లగా వేయించిన రక్తపు సాసేజ్. కత్తి పెట్టగానే సాసేజ్ పగిలి లోపలి ముద్ద బయటికొచ్చింది. దాన్ని ఆపిల్ గుజ్జులో కలిపి నోట్లో పెట్టుకున్నాడు. గడ్డానికి జిడ్డు. పెదవి చివర నల్లటి తునక. పెళ్లాం కనపడక ఇరవై రెండు గంటలు కావొస్తోంది. మార్లీస్ ఆ వంటకం చిన్నప్పట్నుంచీ తింటోంది. అతను తింటుంటే మొదటిసారి దాని మీంచి చూపు తిప్పుకుంది.

పక్కన నల్ల గౌనులో ఒకావిడ కూర్చుని రుమాలుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఈవిడ వెరోనికా పిఖ్లర్. మా గ్రాజ్‌లో నర్సు," అన్నాడు రైమండ్. "ఆరేళ్లుగా హెర్మీనెని చూసుకుంటోంది. ఫోన్ చేయగానే రాత్రి రైలెక్కి వచ్చేసింది పాపం."

"పొద్దున తొమ్మిదిన్నరకి దిగానండీ," అంది వెరోనికా. మాట మెత్తగా, ఆస్ట్రియావాళ్ల సాగదీతతో ఉంది. "ఈ ఊరు ఎప్పుడూ చూసింది లేదు. ఎటు వెళ్లాలో, ఎవర్ని అడగాలో కూడా తెలియదు నాకు."

మార్లీస్ ముందు బాత్రూము దారి చూసింది. టేబుల్ నుంచి పద్నాలుగు అడుగులు. బాత్రూము దాటాక మూడు అడుగుల్లో వెనక సందులోకి తలుపు. ఆ తలుపు తాళం వేసి ఉందనీ, కాబట్టి ఆవిడ తనంతట తాను బయటికి వెళ్లి ఉండదనీ స్టాడ్లర్ రిపోర్టులో రాశాడు.

"తాళం ఎక్కడుంది?" అంది మార్లీస్.

"నేనే లాగి చూశాను. రాలేదు."

తలుపు మీద చిన్న చెక్క పలక ఉంది. దాని మీద ఊరి యాసలో రెండే ముక్కలు, సగం రంగు పోయి ఉన్నాయి. మార్లీస్ గడియని పైకి ఎత్తి లాగింది. తలుపు తెరుచుకుని సందులోని చల్లగాలి మొహానికి కొట్టింది.

"ఎత్తి లాగుమని రాసుంది స్టాడ్లర్. మీరు ఉత్తినే లాగారు."

"అది అసలు భాషేనా?"

"మీకు చదవరాని పలకని, బాత్రూముకని లేచిన ఆస్ట్రియా ఆవిడ చదువుకుని వెళ్లిపోయిందంటారా?"

స్టాడ్లర్ చెవులు ఎర్రబడ్డాయి. గడియని తనే ఒకసారి ఎత్తి, లాగి, మూశాడు.

*

టేబుల్ దగ్గరకి తిరిగొచ్చి మార్లీస్ రైమండ్‌కి ఎదురుగా కూర్చుంది. హెర్మీనె ఫోటోలు కావాలని అడిగింది. అతను ఎడంచేత్తో ఫోను జరిపాడు. కుడిచెయ్యి ఫోర్కు వదల్లేదు.

శుక్రవారం పొద్దుట్నుంచి నలభై ఒక్క ఫోటోలున్నాయి. కేథడ్రల్ ఒక్కసారి కనపడింది, అదీ ఐస్‌క్రీమ్ వెనకాల. మిగతావన్నీ ప్లేట్లే. చెర్రీలు పోసిన వాఫుల్స్, బాదం ముద్ద మిఠాయి, మీగడ కేకు, చక్కెర పొడి జల్లిన బూరెల్లాంటివి. ప్రతి ప్లేటు వెనకా హెర్మీనె చేతులు, ఒక్కోసారి ముఖం.

"ఆవిడ ముఖం ఉన్న ఆఖరి ఫోటో శనివారం పదీ ఐదుకి, నది ఒడ్డున. ఆ తర్వాత ఈ హాల్లో తీసిన ఆరింట్లో టోపీయే తప్ప ముఖం లేదు. ఎందుకని?"

"ఫోటో ప్లేటుకి తీస్తాం గానీ ముఖానికి తీస్తామా? ముఖం ఇంట్లో రోజూ చూసేదేగా."

"పదీ ఐదు నుంచి పన్నెండున్నర దాకా ఎక్కడున్నారు?"

"కేథడ్రల్ గోపురం ఎక్కాం. అయిదు వందల ముప్ఫై మూడు మెట్లు. బాగా ఆకలేసింది."

"గోపురం మీంచి ఒక్క ఫోటో కూడా లేదు."

"పైన తినడానికేమీ దొరకదుగా," అన్నాడు రైమండ్. అది జోకని అనుకుని తనే నవ్వాడు.

మార్లీస్‌కి అతన్ని చెంప పగలగొట్టాలనిపించింది. "షుగర్ ఉన్న మనిషికి ఇన్ని తీపులా?"

"మందు వేసుకుంటే ఏదైనా తినొచ్చండీ. కావాలంటే వెరోనికాని అడగండి. ప్రతి ప్లేటుకి ముందూ నేనే పొడిచేవాణ్ని. తన చెయ్యి వణుకుతుంది. పెళ్లాం సంతోషంగా నాలుగు రకాలు తింటుంటే మొగుడికి అంతకంటే ఏం కావాలి?"

వెరోనికా తల ఊపింది.

మార్లీస్ ఫోటోలు మళ్లీ వెనక్కి జరుపుతూ వచ్చింది. ఏదో ఒకటి కంట్లో నలుసులా పడింది కానీ ఏమిటో తెలియలేదు. వాఫుల్స్ పక్కన ఒక నీళ్ల సీసా. మీగడ కేకు పక్కన రెండు. నది ఒడ్డున, ఆఖరి ఫోటోలో, నాలుగు. హోటల్లో టిఫిన్లు పెట్టే మనిషి కూడా శనివారం పొద్దున ఆవిడ మూడు జగ్గుల నీళ్లు తాగిందని చెప్పింది. ఏప్రిల్ నెల, కోటు లేకపోతే చలి. అంత దాహం ఎందుకు?

ఆ ఆలోచన సాగకుండానే ఇంకొకటి జరిగింది. రైమండ్ సాసేజ్‌లోంచి ఒక ముక్క కోసి, తను నాకిన ఫోర్కుతోనే తీసి వెరోనికా ప్లేటులో పెట్టాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

ఎంగిలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆరేళ్లుగా ఇంటికి వచ్చిపోయే నర్సుకీ, యజమానికీ మధ్య ఆ చనువు ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించుకోవడానికి కూడా మార్లీస్‌కి మనస్కరించలేదు. స్టాడ్లర్ కూడా చూశాడు. మొదటిసారి అతను ఏమీ రాసుకోలేదు.

మార్లీస్ లేచి, షెంగ్ బదులు వడ్డిస్తున్న గెర్డ్ చెవిలో ఒక మాట చెప్పి వచ్చి కూర్చుంది.

గెర్డ్ పళ్లెం నిండా సన్నటి బీరు గ్లాసులతో వచ్చి, అడక్కుండానే నలుగురి ముందూ అట్టబిళ్ల, దాని మీద గ్లాసు పెట్టేశాడు.

"నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడు స్టాడ్లర్.

"నేను మటుకు సినిమాకొచ్చిన్నా?" అన్నాడు గెర్డ్. "తాగు సారూ. గీ ఏలంత గ్లాసుతోని ఎవడు సావడు."

రైమండ్ ఒక్క గుక్కలో తాగేశాడు. గెర్డ్ ఇంకోటి పెట్టాడు. అతను వద్దని చెయ్యి ఊపుతూనే అదీ తాగాడు. మూడోది వచ్చింది. వెరోనికా మెల్లగా తాగుతోంది. మార్లీస్ ఆవిణ్ని హెర్మీనె గురించి అడగడం మొదలుపెట్టింది. ఏ పాటలు ఇష్టం, ఏ రంగు ఇష్టం, కోపం వస్తే ఏం చేస్తుంది. అవసరం లేని ప్రశ్నలన్నీ అడిగింది. వెరోనికాకి జవాబులు చెప్పడంలో ఊపు వచ్చింది. రుమాలు ఒళ్లోకి జారింది. గ్లాసు ఖాళీ అయింది.

గెర్డ్ ఆవిడ భుజం పక్కకి వచ్చి రెండో గ్లాసు దించబోయాడు.

"...తోట పనంటే ప్రాణం హెర్మీనెకి, మట్టిలో చెయ్యి పెడితే చాలు..." అంటూనే, గెర్డ్ వైపు చూడకుండానే, వెరోనికా గ్లాసు కింది అట్టబిళ్ల లాగి గ్లాసు మీద బోర్లించింది.

గెర్డ్ గ్లాసు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. రైమండ్ నములుతున్నాడు.

మార్లీస్ తన పుట్టింటి యాసలోకి దిగింది. "ఒక్కదానికే మూత వెడ్తివేందక్కా? ఇంకోటి తాగరాదు?"

"వద్దు చెల్లె, సాలు నాకు," అంది వెరోనికా.

అనేశాక ఆవిడ చెయ్యి అట్టబిళ్ల మీదే బిగుసుకుపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నా అంత స్పష్టంగా ఉండదు.

"ఈ ఊరు ఎప్పుడూ చూడలేదన్నారు," అంది మార్లీస్. "నిన్న ఇదే కుర్చీలో, హెర్మీనె టోపీ పెట్టుకుని, సగం పుంజు తిన్నారు. కోడేదని అడగలేదు. సబ్బు జోకుకి నవ్వారు. వెనక తలుపు ఎత్తి లాగి బయటపడ్డారు. మీ జోడీదారు రైమండ్, షెంగ్ మీద నేరం మోపింది అతను మిమ్మల్ని గుర్తుపడతాడనే. హెర్మీనె ఎక్కడ?"

"నాకు తెలియదండీ..."

"సాయంత్రం దాకా ఆమెకి టైముంది. తర్వాత ఇది హత్య. నర్సువి, ఆమె ఎట్ల సస్తదో నాకంటె నీకెక్కువ తెలుసు. యాడున్నదక్కా?"

వెరోనికా రైమండ్ వంక చూసింది. అతను ఆపిల్ గుజ్జు గీకుతున్నాడు. తన వంక కనీసం తలెత్తి చూడలేదు. ఆవిడలో ఏదో తెగింది. దాచుకున్న యాస అంతా కట్టలు తెంచుకుని బయటపడింది.

"పోల్ పేటల ఉన్నది. మా అమ్మ తోట గుడిసెల, నది అవతల. నిన్న పొద్దుగాల నది కాడ కండ్లు తిరిగి వడ్డది. దవాఖానకు తీస్కపోతె బతికిస్తరని, ఈయన... పండుకోవెట్టి తాళమేద్దాం, మందు లేకుంట దానంతటదే పోతది, మనం ముట్టింది గూడ ఉండదు అన్నడు. నేను శుక్రారం నుంచి ఈ ఊర్లనే ఉన్న." ఆవిడ ముక్కు చీదింది. "గని నా వల్ల గాలే చెల్లె. ఆరేండ్లు ఈ చేతుల్తోని మందేసిన. రాత్రి ఈయన గదిలనే ఉన్న. ఈయన గుర్రు కొడ్తుంటె లేశి, మందు తీస్కపొయ్యి, పొద్దుగాల ఏడు గొట్టంగ సూది ఇచ్చొచ్చిన. ఆమె బతికే ఉన్నది. నేను సంపలే. యింటున్నవా, నేను సంపలే!"

రైమండ్ ఫోర్కు ఆగింది.

పదకొండూ ఇరవై ఐదు నుంచి ఇప్పటిదాకా ఆ ఫోర్కు ఆగడం మార్లీస్ చూడలేదు. అతను దాన్ని ప్లేటు అంచున ఆనించాడు. ముఖంలో రంగు పోయింది.

"మందు ఎక్కడిది?" అన్నాడు.

"నీ గదిలదే. నీలం సంచిలది."

రైమండ్ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత మెల్లగా గాలి వదిలాడు. ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఫోర్కు తీసుకుని మిగిలిన సాసేజ్ ముక్కని గుచ్చాడు.

మార్లీస్‌కి అప్పుడు తట్టింది. ఒక సీసా, రెండు సీసాలు, నాలుగు సీసాలు. ఇన్సులిన్ ఒంట్లో పడకపోతే మొదట వేసేది దాహం. చివరి రోజుల్లో తన తండ్రి కూడా మంచం పక్కన బిందె పెట్టించుకున్నాడు. హెర్మీనె నది ఒడ్డున కళ్లు తిరిగి పడింది మందు మర్చిపోయి కాదు. శుక్రవారం పొద్దుట్నుంచి ఈ మనిషి ప్రతి తీపి ప్లేటుకి ముందూ భార్య చెయ్యి పట్టుకుని, ప్రేమగా పొడిచిన సూదిలో...

"మందు సీసాల్లో ఏం పోశావురా?" అంది. "నీళ్లేనా?"

రైమండ్ నమిలాడు. మింగాడు. "నాకేం తెలుసండీ. నర్సు ఆవిడ కదా."

మొదట అర్థం చేసుకున్నది వెరోనికాయే. కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "అందుకేనా... పొద్దుగాల ఊపిరి గట్ల ఎగవోస్తున్నది. నోట్లకెల్లి మాగిన పండు వాసన. నేను సూదిచ్చిన గద, ఇగ తగ్గుతదని గొంగడి కప్పి తాళమేసొచ్చిన. ఓ దేవుడా, తాళమేసొచ్చిన!"

గడువు సాయంత్రం దాకా ఉందనుకున్న లెక్క అంతా తప్పు. లెక్క నిన్న మధ్యాహ్నం నుంచి కాదు, మొన్న పొద్దుట్నుంచి. రెండు రోజులు దాటిపోయింది. ఇంతసేపూ తాము ఆ గడువు చూసుకునే ధైర్యంగా ఉన్నారు.

"తోట నంబరు?" స్టాడ్లర్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద బీరు ఒలికినా చూసుకోలేదు.

"డెబ్బై మూడు. ఆకుపచ్చ తలుపు. తాళంచెవి... తాళంచెవి..." వెరోనికా చేతిసంచి టేబుల్ మీద దులిపింది. రుమాళ్లు, పౌడరు డబ్బా, రైలు టికెట్టు పడ్డాయి. తాళంచెవి లేదు. "పొద్దుగాల ఇందులనే ఏసిన. ఈయన పక్కనే కూసున్న..."

ముగ్గురూ రైమండ్ వైపు తిరిగారు.

అతను రొట్టె ముక్కతో ప్లేటు అడుగు శుభ్రంగా తుడిచి, ఆ ముక్క నోట్లో పెట్టుకుని, పెదాలు ఒత్తుకుని, కోటు జేబు గుండీ పెట్టుకున్నాడు. ఖాళీ గ్లాసు చూసి గెర్డ్ అలవాటుగా ఇంకోటి పట్టుకుని వస్తున్నాడు.

మూడు రోజుల్లో ఆ ఊళ్లో నేర్చుకున్నది అదొక్కటే కాబోలు. రైమండ్ త్సెహ్నర్ అట్టబిళ్ల తీసి, జాగ్రత్తగా, గ్లాసు మీద పెట్టాడు.